గిరీశం ఉపన్యాసమూ, పంతులుగారి పెళ్లిపందిరీ

సంఘసంస్కర్త అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేవాడు గిరీశం. అది గురజాడవారి గొప్పతనం. కందుకూరి వీరేశలింగం పంతులుగారి దురదృష్టం! గిరీశం నోరు విప్పితే చాలు, వితంతు వివాహం మీద ఎంత ఉపన్యాసమైనా దంచేస్తాడు. వెంకటేశం అతని దగ్గర నేర్చుకున్న విద్య చుట్ట కాల్చడం. అయినా ఆ శిష్యుడు గురువును వదలడు. పదిమందిని వెంట తిప్పుకునే ఆకర్షణ ఆ మనిషిలో ఉంది మరి.

పంతులుగారికి ఆ అదృష్టం లేదు. 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయాడు. ఆరోగ్యం అంతంతమాత్రం, ఆపైన కోపిష్టి. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆ ఏడే 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టి లంచగొండి ఉద్యోగుల బండారం బయటపెట్టారు. తర్వాత రాజమండ్రి కాలేజీలో తెలుగు పండితులయ్యారు.

1881 డిసెంబరు 11న తమ ఇంట్లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారే బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చారు, వంటా చేశారు. ఇంటికి కాపలా కాసింది ఎవరనుకున్నారు? కాలేజీ కుర్రాళ్లు! కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బిచ్చి ఆదుకున్నారు. దాని ఫలం వెలి. ఆ వెలి పెళ్లికొడుకుతో పాటు పంతులుగారి కుటుంబమూ భరించింది. నాలుగు రోజుల్లోనే రెండో పెళ్లి కూడా చేసేశారు.

గిరీశానికి వితంతు వివాహమంటే బుచ్చమ్మ, ఆమె వెనకాల వచ్చే ఆస్తి. పంతులుగారికి అదొక ఖర్చుల పద్దు. పెళ్లి ఖర్చు, కాపురం పెట్టించే ఖర్చు, వెలిపడ్డ జంటల పోషణ, అన్నీ ఆయన నెత్తినే. డబ్బు కోసం వచ్చి పెళ్లాడి, తర్వాత ఆయన మీదే తిరగబడ్డవాళ్లూ లేకపోలేదు. గిరీశాలు నాటకంలోనే ఉంటారా ఏమిటి! నాటకం చివర సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపిస్తాడు. వీరేశలింగంగారు అటువంటి శరణాలయాన్ని రాజమండ్రిలోనే నిలబెట్టారు.

ఇంతమాత్రాన పంతులుగారిని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసిస్తే కుర్రకారంతా వందేమాతరమంటూ ఆయన వెంటపడ్డారు. పంతులుగారు ఆ ఉద్యమానికి దూరంగానే ఉండిపోయారు. పాతికేళ్ల కిందట ఆయన గుమ్మం ముందు కర్రపట్టుకు నిలబడ్డ కాలేజీయే ఇప్పుడు వేరే దారి పట్టింది. ఈ విషయంలో కుర్రాళ్లదే రైటని నా అభిప్రాయం. కానీ ఒకటి. వాళ్ల చప్పట్ల కోసం ఆయన తన మాట మార్చుకోలేదు. గిరీశమైతే మర్నాటికల్లా వందేమాతరం మీద కొత్త ఉపన్యాసం తయారు చేసుకునేవాడు.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు. పిల్లలు లేరు. ఆస్తిని 'హితకారిణీ సమాజా'నికి రాసిచ్చేశారు. 1919 మే 27న మద్రాసులో కన్నుమూసేదాకా పంతులుగారి చేతిలో ఏదో ఒక రాతపని ఉంటూనే వచ్చింది.