విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

సొంత వ్యాపారమునకు పూనుకొనువానికి మొట్టమొదట కావలసినది ధనమని పలువురు తలంతురు. ధనము కావలసినదే. కాని తన చేతిపని మంచిదన్న నమ్మకము, ఆ నమ్మకమును నలుగురి యెదుట పరీక్షకు పెట్టగల గుండెనిబ్బరము లేనిచో ఎంత ధనమున్నను అంగడి నిలువదు. ఈ సత్యమును తమ జీవితముచే నిరూపించిన తెలుగువారిలో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అగ్రగణ్యులు.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణాజిల్లాలోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్యగారలు. బందరులో చదివి, పిదప మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో బి.ఏ. పట్టమును పొందిరి. విద్యార్థిదశలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసములు ఆయన మనస్సుపై గాఢముగా ముద్రవేసినవి.

ఆ దినములలో బి.ఏ. పట్టమనగా సర్కారు కొలువునకు తెరచిన ద్వారము. నెల తిరుగగానే జీతము, ఇంటివారికి నిశ్చింత, ఊరిలో గౌరవము. పంతులుగారు ఆ సుగమమైన త్రోవను త్రొక్కలేదు. మదరాసులో కొద్దికాలము వ్యాపారమున చేయిపెట్టిరి. పిదప కలకత్తా చేరి ఔషధముల వ్యాపారమందు పని నేర్చిరి. అచ్చటినుండి బొంబాయి వెళ్లి ఒక కార్యాలయమున ఉద్యోగము చేసిరి. ఆత్మవిశ్వాసమనగా నేర్వకయే నీటిలో దూకుట కాదని ఈ ప్రయాణము తెలుపుచున్నది. పట్టభద్రుడై యుండియు ఒకరి క్రింద చేరి మందుల తయారీ, అమ్మకము, లెక్కలు తెలిసికొనుటకు ఆయన చిన్నతనపడలేదు. నేర్చిన పనియే తరువాతి ధైర్యమునకు పునాది యయ్యెను.

1893లో, ఇరువదియాఱేండ్ల ప్రాయమున, పంతులుగారు బొంబాయిలో అమృతాంజనమను నొప్పి నివారణ లేపనమును తయారుచేసి సొంత సంస్థను స్థాపించిరి. ఆ నగరము తెలుగుదేశమునకు దూరమైనది. అచ్చటి భాషలు వేఱు. బజారులో తరతరములుగా పాతుకొనిన వర్తకులు, సీమనుండి దిగుమతియైన మందులు. వారి నడుమ ఎలకుర్రు నుండి వచ్చిన యువకుని పచ్చని లేపనమును ఎవరు నమ్ముదురు? తలనొప్పితో బాధపడువాడు ఎఱిగిన మందునే కోరును గాని క్రొత్తదానికై పైకము వెచ్చింపడు.

ఈ చిక్కును పంతులుగారు విడదీసిన విధము గమనింపదగినది. సంగీత సభలకు వచ్చినవారికి అమృతాంజనమును ఆయన ఉచితముగా పంచిపెట్టించిరి. గంటల తరబడి సాగు కచేరీ, క్రిక్కిరిసిన జనము, దీపముల వేడి: తల బరువెక్కుట సహజము. నుదుట కొంచెము రాచుకొన్నవానికి ఫలితము అచ్చటనే తెలియును. ప్రక్కవాడు అడుగును, ఇతడు చెప్పును. మందు తనకు తానే సాక్ష్యము పలుకును.

చెప్పుటకిది సులభముగా తోచును. చేయుటకు ఎంత నిబ్బరము కావలెనో యోచింపుడు. ఊరక ఇచ్చిన ప్రతి మందును ఆనాటికి నష్టమే. మందు నాసిరకమైనచో, పుచ్చుకొన్నవారందఱును దానికి ఎదురుసాక్షులై వ్యాపారము మొదటనే కూలును. తన సరకు గుణమును తాను పూర్తిగా ఎఱిగినవాడు మాత్రమే దానిని ఇట్లు పరుల తీర్పునకు విడువగలడు. పంతులుగారి విశ్వాసము గొప్పలు చెప్పుకొనుటలో లేదు. జనుల చేతిలో మందు పెట్టి వేచియుండుటలో ఉన్నది. క్రమముగా జనులు అడిగి కొనసాగిరి. పది అణాల వెలగల ఆ లేపనము దేశమంతట వ్యాపించి ఆయనను లక్షాధికారిని చేసినది.

తొలి విజయముతో ఆయన తృప్తిపడి కూర్చుండలేదు. 1907లో సూరతు కాంగ్రెసు మహాసభ జరిగిన పిమ్మట, తెలుగువారికి దేశవార్తలు తెలుపు పత్రిక అవసరమని నిశ్చయించి, 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. పాఠకులొకచోట, ముద్రణశాల వేఱొకచోట. అయినను పత్రిక నిలిచెను. 1914లో దానిని మదరాసునకు తరలించి, ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రికగా నడపిరి. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక పుట్టినది. లేపనము అమ్మగా వచ్చిన ధనము తెలుగు అక్షరమునకు ఎరువయ్యెను.

వీరశైవ కుటుంబములు పంతులుగారిని కృతజ్ఞతతో స్మరింపవలసిన కారణమొకటి కలదు. పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి విపులమైన పీఠికతో 1926లో వెలువడినది పంతులుగారి ఆంధ్రగ్రంథమాలయందే. సోమనాథుని పండితారాధ్య చరిత్రమును చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణమున ఆ గ్రంథమాలయే 1939లో, ఆయన గతించిన మరుసటి యేట, ప్రకటించినది. బసవేశ్వరుని కథను మన యిండ్లలో చదువుకొనుటకు ఒక మందుసీసా సంపాదన తోడ్పడినదన్నమాట.

స్వాతంత్ర్యోద్యమమున పంతులుగారు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసునకు అధ్యక్షులై పనిచేసిరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని కారాగారవాసము ననుభవించిరి. గ్రంథాలయములకు, విద్యార్థులకు, పండితులకు ఆయన చేసిన దానములకు మెచ్చి జనులు విశ్వదాతయని పిలిచిరి. అమృతాంజన సంస్థ 1936లో పరిమిత సంస్థగా రూపొందెను. మదరాసులోని ఆయన గృహమగు శ్రీబాగ్‌లోనే 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ ఒడంబడిక కుదిరినది. 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయినను అమృతాంజనము నేటికిని ఇంటింట నున్నది. కాయకము, దాసోహము అను రెండు మాటల విలువ నెఱిగిన మనకు ఈ జీవితము క్రొత్తగా తోచదు. చేసిన పనిలో కల్తీ లేనినాడు దానిపై నమ్మకము పుట్టును. ఆ నమ్మకముతో వచ్చిన ఆర్జనమును పదుగురికి పంచినపుడు అది సార్థకమగును. క్రొత్తగా చిన్న అంగడియో, చేతిపనియో తెరువ సంకల్పించి సందేహించు యువకులు ముందుగా తమ సరకును తామే కఠినముగా పరీక్షించుకొనవలెను. అది నిలిచినచో, సభలో పరుల చేతికి మందునందించిన ఆ యువకుని తలచుకొని అడుగు ముందుకు వేయవలెను.