మన ఊరి కుమారస్వామిరాజాగారు

మన ఊరి తెలుగు పిల్లలకు చిన్ననాటినుండియు ఎదురగు ప్రశ్న యొకటి కలదు. సెలవులలో భీమవరము వంటి ఊరికి పోయిన పిల్లవాని మాటతీరు విని, అచ్చటి పిల్లలు అరవవాడు వచ్చినాడని ఆటపట్టింతురు. ఆ పిల్లవాడే పెద్దవాడై మదురైలోనో తిరునెల్వేలిలోనో కళాశాలలో చేరినచో, అచ్చటి తోటివారు తెలుగువాడని వేరుగా గుర్తింతురు. తమిళులు పూర్వము తెలుగువారిని వడుగరు అని పిలిచెడివారు. ఇంటిలో తల్లిది తమిళము, తండ్రిది తెలుగు అయిన పిల్లలకు ఈ చిక్కు మఱింత దగ్గఱగా వచ్చును. నీ వెవరివాడవని అడిగినచో వారు అమ్మను చూపవలెనా, నాన్నను చూపవలెనా?

ఈ ప్రశ్న మనతో పుట్టినది కాదు. మన ఊరిలోనే జన్మించి, మద్రాసు రాష్ట్రమున కంతటికిని ముఖ్యమంత్రి యైన యొకరికి ఇది మనకంటె పెద్దదిగా, కఠినముగా ఎదురైనది. ఆయనయే పూసపాటి సంజీవి కుమారస్వామిరాజాగారు. వారి పేరు మన వీథులలో విననివారు లేరు. కాని వారు ఎదుర్కొన్న ఈ ప్రశ్నను గూర్చి పిల్లలకు చెప్పినవారు తక్కువ.

రాజాగారు 1898వ సంవత్సరము జూలై 8వ తేదీన రాజపాళయమున జన్మించిరి. అప్పటికి మన ఊరు తిరునెల్వేలి జిల్లాలో నుండెను. 1910లో రామనాథపురము జిల్లా ఏర్పడగా అందులో చేరెను. 1985లో మరల విడివడి, ఇప్పుడు విరుదునగరము జిల్లాలో నున్నది. ఊరు మాత్రము పడమటి కనుమల క్రింద ఉన్నచోటనే యున్నది.

పసితనముననే తల్లియు, పిమ్మట కొలది యేండ్లకే తండ్రియు గతింపగా, రాజాగారు ఇంటి పెద్దల పెంపకములో పెరిగిరి. అమ్మ నోటినుండి అమ్మభాష వినుభాగ్యము వారికి లేకపోయెను. అయినను తెలుగు వారికి పరాయిది కాలేదు. ఆనాడు రాజుల ఇండ్లలో పుట్టిన బిడ్డకు తెలుగు వంటయింటిలోను, అరుగుమీదను తనంత తానే వచ్చును. తమిళము అంగడిలోను, కోవెలలోను, పొలముగట్టుమీదను వచ్చును. ఇంగ్లీషునకు మాత్రము బడికి పోవలసియుండెను. ఈ భాషలలో ఏది తనది, ఏది కాదని బిడ్డ ఎప్పుడును లెక్కచూచుకొనడు. లెక్క అడుగువారు తరువాత వత్తురు.

వారి పేరునే కొంచెము నిదానించి చూడుడు. పి.ఎస్. అను రెండు పొడి అక్షరములలో మొదటిది పూసపాటి. అది ఇంటిపేరు. ఉత్తరాంధ్రమున విజయనగర సంస్థానమును ఏలిన రాజుల ఇంటిపేరును అదియే. ఇంటిపేరును పేరునకు ముందు పెట్టుకొనుట తెలుగువారి ఆచారము. రెండవ అక్షరము సంజీవి. తండ్రిపేరును ముందు పెట్టుకొనుట తమిళుల ఆచారము. తెలుగుదేశమున నున్న రాజుకు సాధారణముగా మొదటిది చాలును; తమిళదేశమున నున్నవానికి సాధారణముగా రెండవది చాలును. మన ఊరివారు రెండింటిని మోయుదురు. ఇక చివరి మాట తెలుగున రాజు. ఇచ్చట వ్రాతలో రాజా అయినది. తెలుగు పత్రికలును వారిని కుమారస్వామి రాజా యనియే వ్రాసినవి. ఒక్క పేరులోనే రెండు దేశముల అలవాట్లు కలిసికట్టుగా నున్నవి; ఎవరును వాటిని తగవు పెట్టలేదు.

విజయనగర సామ్రాజ్యపు రోజులలోను, ఆ పిమ్మటను తెలుగు కుటుంబములు దక్షిణమునకు దిగివచ్చిన సంగతి మన పెద్దలు చెప్పగా వినుచునే యున్నాము. కాని ఈ రాకపోకలు ఒకవైపువి కావు. మనకు కూతవేటు దూరమున నున్న శ్రీవిల్లిపుత్తూరులో పుట్టిన తమిళ కవయిత్రి ఆండాళ్. ఆమె కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అను పేర తెలుగు కావ్యముగా రచించెను. ధనుర్మాసపు తెల్లవారుజామున ఆండాళ్ తమిళ పాశురములను పాడు తెలుగు ఇండ్లు మన తాలూకాలో ఎన్నో కలవు. కుమారస్వామిరాజాగారు పెరిగిన గాలి ఇది. ఇందులో తెలుగెంత, తమిళమెంత అని తూచు త్రాసు లేదు.

త్రాసు రాజకీయములలో వచ్చినది. యౌవనమున వారు గాంధీజీ మార్గమున నడచి కాంగ్రెసులో చేరిరి. 1927లో గాంధీజీ దక్షిణదేశ యాత్రలో మన ఊరికిని వచ్చెను. ఆ రోజులలో రాట్నమును, ఖద్దరును ఎఱుగని వీథి ఇచ్చట లేదని పెద్దలు చెప్పుదురు. 1920 నాగపురపు మహాసభనాడు కాంగ్రెసువారు తమ శాఖలను భాషలనుబట్టి విభజించుకొనిరి. ఆంధ్ర కాంగ్రెసు వేరు, తమిళనాడు కాంగ్రెసు వేరు అయినవి. మఱి ఇంటిలో తెలుగు మాటాడు రామనాథపురము జిల్లావాడు ఏ శాఖలో చేరవలెను? ఉన్న నేలనుబట్టియే చేరవలెను. కనుక రాజాగారు తమిళనాడు కాంగ్రెసువారైరి. ఈ జిల్లావాడే యైన విరుదునగరపు కామరాజు వారికి సహచరుడు. సత్యాగ్రహములలో పాల్గొని రాజాగారు కారాగారవాసము ననుభవించిరి. శాసనసభకును ఎన్నికైరి. 1946లో ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని కాగా, వారి మంత్రివర్గమున రాజాగారు మంత్రిగా నుండిరి. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. మరల దీనితో పని యున్నది.

1949 ఏప్రిల్ 6వ తేదీన, ఓమందూరు రామస్వామి రెడ్డియారు దిగిపోగా, కుమారస్వామిరాజాగారు మద్రాసు ప్రధాని పదవిని స్వీకరించిరి. అంతకుముందు ఆ పీఠమెక్కిన తెలుగువారిలో పానగల్లు రాజా, బొబ్బిలి రాజా, ప్రకాశం పంతులు మొదలగువారు తెలుగు జిల్లాలవారు. రాజాగారు తమిళదేశపు దక్షిణ భాగమునుండి, తమిళనాడు కాంగ్రెసు బలముతో వచ్చిన తెలుగింటివారు. నాటి మద్రాసు రాష్ట్రములో తమిళ, తెలుగు జిల్లాలతోబాటు మలబారును, దక్షిణ కన్నడమును ఉండెను. నాలుగు భాషల రాష్ట్రమది. ఆ సమయముననే వానలు లేక కరవు, బియ్యపు రేషను, కమ్యూనిస్టు అలజడులు. ఏ మంత్రియైనను మెత్తని దిండుపై పండుకొను కాలము కాదది.

ఆంధ్ర రాష్ట్రము వేరు కావలెనన్న కోరిక అప్పటికే మూడు దశాబ్దములది. 1948 డిసెంబరులో నెహ్రూ, వల్లభభాయి పటేలు, పట్టాభి సీతారామయ్యగార్లతో కాంగ్రెసు ఒక సంఘమును వేసెను. మద్రాసు నగరముపై హక్కు వదలుకొన్నచో ఆంధ్రమును ఏర్పరుపవచ్చునని 1949 ఏప్రిల్‌లో ఆ సంఘము చెప్పెను. సరిగా ఆ నెలలోనే రాజాగారు పదవికి వచ్చిరి. ఆ యేడు చివరలో మద్రాసు ప్రభుత్వము విభజన సంఘమును నియమించెను. దానికి అధ్యక్షులు కుమారస్వామిరాజాగారే. ఆంధ్రుల వైపున ప్రకాశం పంతులు, బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డిగార్లు కూర్చుండిరి. ఎదుటివైపున టి.టి. కృష్ణమాచారి, భక్తవత్సలము, మాధవమేనోను గార్లు కూర్చుండిరి.

ఆ బల్లను ఒక్కసారి ఊహించుకొనుడు. ఒకవైపువారిది రాజాగారి ఇంటిభాష. ఒకవైపువారిలో రాజాగారి ఊరి భాష. నడుమ వారు. ఆస్తులు, అప్పులు, కచేరీలు, ఉద్యోగులు, నదుల నీరు ఎవరికెంత అని పంచవలసిన పని. మద్రాసు నగరము దగ్గఱ మాట ముడిపడెను. మూడేండ్ల క్రిందట ఎవరి మంత్రివర్గములో తాము పనిచేసిరో ఆ ప్రకాశం పంతులుగారే ఇప్పుడు తక్కినవారితో విభేదించి వేరుగా అసమ్మతి వ్రాసిరి. ఏకాభిప్రాయము లేదని కేంద్రము ఆ పనిని ప్రక్కన పెట్టెను. 1950 జనవరి 26న గణతంత్రము వచ్చెను. ఆంధ్ర రాష్ట్రము రాలేదు. రాజాగారు గణతంత్ర భారతమున మద్రాసు రాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి యైరి.

తప్పు ఎవరిదని ఇప్పటికిని వాదించువారు కలరు. ఆ వాదములో దిగుట నా పని కాదు. నా మనస్సును పట్టినది వేఱొక సంగతి. ఆ సంఘమువారి ముందున్నవి జిల్లాలు, తాలూకాలు. తెలుగువారు నిర్వివాదముగా ఎక్కువగా నున్న జిల్లాలు ఒకవైపు, వివాదమున్న చోటులు నడుమ, మిగిలినది మఱొకవైపు. రాజపాళయము ఏ వివాదములోను లేదు. తమిళసీమలో నున్న మన ఊరిని ఆంధ్రమునకు కోరిన ఆంధ్రుడు లేడు, వదలుమన్న తమిళుడును లేడు. తెలుగు రాష్ట్రపు హద్దులను చర్చించు సంఘమునకు అధ్యక్షులైన వారి సొంత తెలుగు ఇల్లు ఆ చర్చలో ఎచ్చటను తగులలేదు. వారికి అది బాధ కలిగించెనో, ఊరట కలిగించెనో చెప్పుట కష్టము. ఊరటయే యని నా కనిపించును. ఎవరును అడుగని ఊరిని ఎవరును చీల్చరు గదా.

మనుష్యులను గళ్ళలో పెట్టు పని వారి పాలనలో మఱొకచోటను ఎదురయ్యెను. మద్రాసులో కళాశాల సీట్లు కులమతములనుబట్టి పంచెడి ఉత్తరువు చాలకాలముగా అమలులో నుండెను. 1950లో హైకోర్టు, 1951 ఏప్రిల్‌లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినవి. వెనుకబడినవారికి చేయూత ఆగరాదని మద్రాసులో గొప్ప ఆందోళన చెలరేగెను. ఆ యేడే రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, వెనుకబడినవారికి ప్రత్యేక సౌకర్యములు కల్పించు అధికారము ప్రభుత్వములకు లభించెను. నీ వెవరివాడవని అడుగుట వెలివేయుటకే కాక, చేయి అందించుటకును కావచ్చునని ఆ తగవు చూపినది.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు కాంగ్రెసునకు 375 స్థానములకు 152 మాత్రమే దక్కినవి. ముఖ్యమంత్రియే ఓడిపోయిరి. వారితోబాటు మంత్రులు కొందఱును ఓడిరి. రాజాజీ ఆ పదవికి వచ్చెను. ఆ యేడే పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహారదీక్ష బూని, డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము వెలసెను. మూడేండ్లకు ముందు బల్లమీద తేలని పని ఒక ప్రాణము పోయిన పిమ్మట తేలినది. హద్దులకు ఈవల మిగిలిన తెలుగువారిలో హోసూరువారు, కోయంబత్తూరువారు, మనము ఉన్నాము.

1954లో రాజాగారిని ఒరిస్సా గవర్నరుగా పంపిరి. దైవము వారితో పరిహాసమాడెనా యనిపించును. భారతదేశమున భాషనుబట్టి మొట్టమొదట ఏర్పడిన రాష్ట్రము ఒరిస్సాయే, 1936లో ఏర్పడినది. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగు కుటుంబములు అచ్చట మనవలెనే హద్దునకు ఆవల మిగిలినవి. రాజాగారు అచ్చట నుండగనే 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘపు నివేదిక వెలువడెను. సెరయికెళ్ళా, ఖరసువాను తమకు దక్కలేదని 1956 జనవరిలో ఒరియా ప్రజలు తీవ్రముగా అలజడి చేసిరి. మద్రాసులో చూచిన తగవునే వారు మఱొక భాషలో మరల చూచిరి.

1956లో గవర్నరు పదవి ముగిసెను. ఆ సంవత్సరముననే రాజ్యాంగమునకు ఏడవ సవరణ జరిగి, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పు సౌకర్యములకు రాష్ట్రములు పాటుపడవలెనను నిబంధన చేరెను. గీత గీసినవారికి గీతకు ఆవల మిగులువారు అప్పుడు జ్ఞప్తికి వచ్చిరి. తల్లిదండ్రులు ఈ నిబంధనను తెలిసికొనియుండుట మంచిది. అది 350-ఏ అధికరణము.

రాజాగారు 1957 మార్చి నెలలో స్వర్గస్థులైరి. అప్పటికి వారికి ఇంకను అఱువది నిండలేదు. ముఖ్యమంత్రిగాను, గవర్నరుగాను నుండిన వారు మన ఊరిలోని తమ ఇంటిని తమవారి కనియు దాచుకొనలేదు. దానిని ప్రజలకొఱకు గాంధీ కలై మన్రమున కిచ్చివేసిరి. ఆ పేరు తమిళము. ఇచ్చినవారి ఇంటిపేరు తెలుగు. సాయంకాలము ఆ గుమ్మమెక్కు మన ఊరి ముసలివారు తమలో తాము తెలుగున మాటాడుకొనుచు, ఎదురువచ్చినవానిని తమిళమున పలుకరించి, లోపలికి పోవుదురు.