మన ఊళ్ళను పటానికెక్కించిన మెకంజీ దొర

హైస్కూలు పిల్లవాణ్ణి అడిగితే నైలు నది ఎక్కడ పుట్టిందో చెబుతాడు. తన ఊరి చెరువులోకి నీళ్ళు ఏ వాగు నుంచి వస్తాయో అడిగితే తాత ముఖం చూస్తాడు. నల్లరేగడి గుణాలు బట్టీ పట్టే పిల్లలు పత్తి చేల మధ్య ఆ నేల మీదే నడిచి బడికి వస్తారు. భూగోళం పాఠం గోడ పటం దగ్గరే ఆగిపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. రెండు వందల ఏళ్ళ క్రితం ఒక పరదేశి మన గుంటూరు, ఒంగోలు సీమల సంగతులు ఊరూరా అడిగి రాయించారు. ఆయనే కల్నల్ కాలిన్ మెకంజీ. కాటన్ దొర, బ్రౌన్ దొరల పేర్లు తెలిసినంతగా ఈయన పేరు మన పల్లెల్లో తెలియదు.

మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన లూయిస్ దీవిలో, స్టార్నవే రేవులో పుట్టారు. మొదట సుంకాల శాఖలో ఉద్యోగం. లెక్కలంటే మక్కువ. లాగరిథమ్స్ కనిపెట్టిన నేపియర్ చరిత్ర కోసం హిందువుల గణితం గురించి తెలుసుకోవాలన్న పని మీద ఆయన దృష్టి ఇటు మళ్ళింది. 1783లో కంపెనీ ఉద్యోగంలో మద్రాసు చేరి, ఇంజనీరు అయ్యారు. మళ్ళీ స్వదేశం వెళ్ళలేదు.

1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. దండు నడవాలన్నా, శిస్తు కట్టాలన్నా దారులు, వాగులు తెలియాలి. ఆ రోజుల్లోనే మెకంజీ నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాల్లో సర్వే చేశారు. అప్పట్లో దారి పొడవును చక్రం దొర్లించి కొలిచేవారు. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కేస్తే దూరం తేలుతుంది. సైకిలు చక్రంతో మన బడి పిల్లలూ చేయగల పనే.

ఆయనకు తెలుగు రాదు. ఆ లోటు తీర్చింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య ఇరవై ఏళ్ళ వయసులోనే దొర వద్ద చేరి, శాసనాలు చదివి, పండితులను, కరణాలను మాటల్లోకి దించి సమాచారం రాబట్టారు. 1803లో ముప్పై ఏళ్ళయినా నిండకుండా ఆయన చనిపోతే మెకంజీ మద్రాసు సముద్రతీరాన స్మారకం కట్టించారు. తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నారు. మరో తమ్ముడు రామస్వామి దక్కను పట్టణాల మీద 1828లో ఇంగ్లీషులో పుస్తకమే వేశారు. దొరకు దక్కిన కీర్తిలో సగం వీరిదే అనాలి.

వారు రాయించిన ఊరి వృత్తాంతాలే కైఫీయత్తులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, పొలిమేరలు, చెరువులు, గుళ్ళు, మాన్యాలు, ఏ రాజు తర్వాత ఏ రాజు ఏలాడు అన్నీ వాటిలో ఉంటాయి. గోపరాజు రామన్న నియోగులకు కరణీకాలు ఇప్పించిన కథ ఈ సీమలో చాలా ఊళ్ళ కైఫీయత్తుల్లో కనబడుతుంది. మిరాసీ నిలుపుకోవడానికి కరణాలు కొంత పెంచి చెప్పి ఉండవచ్చు, అది వేరే సంగతి.

అమరావతి మాట వేరుగా చెప్పాలి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్నం కట్టిస్తున్నప్పుడు రాళ్ళ కోసం దీపాలదిన్నె తవ్వారు. ఆ బొమ్మల రాళ్ళ వార్త విని మెకంజీ 1797లో వెళ్ళి చూశారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ గొయ్యి మిగిలింది. చిత్రకారులను కూర్చోబెట్టి మిగిలిన రాళ్ళన్నిటికీ బొమ్మలు గీయించారు. అప్పుడు గీసిన రాళ్ళలో కొన్ని తర్వాత మాయమయ్యాయి, బొమ్మలే మిగిలాయి.

మైసూరు సర్వే, జావా దండయాత్ర ముగించి 1815లో మెకంజీ భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1821 మే 8న కలకత్తా దగ్గర మరణించారు. కాగితాలను భార్య నుంచి కంపెనీ కొన్నది. దక్షిణాది భాషలవి మద్రాసు చేరాయి. చివికిపోతున్న వాటికి బ్రౌన్ దొర నకళ్ళు రాయించారు.

1984లో కరణీకాలు రద్దయ్యాయి. పొలిమేర వివరాలు నోటితో చెప్పగలిగిన ఆ తరం చాలావరకు వెళ్ళిపోయింది. 2022లో జిల్లాలు చీలి అమరావతి పల్నాడులోకి పోయింది. గుంటూరు తాలూకా కైఫీయత్తులు మాత్రం అచ్చులో వచ్చాయి. సాంఘిక శాస్త్రం మాస్టార్లు తమ ఊరి కైఫీయత్తు ఒకటి సంపాదించి, పిల్లలను పొలిమేర చుట్టూ ఒక పూట నడిపిస్తే పటం గీయడానికి కావలసినదంతా దారిలోనే దొరుకుతుంది. పొలిమేర రాళ్ళు చాలా ఊళ్ళలో ఇంకా కదలలేదు.