డాక్టర్ ఫ్రీడ్రిక్ లూయీ – మనం తెలుసుకోవలసిన జీవితం

ఇంట్లో పెద్దవారు, గదిలో ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారని లేనివారిని చూపిస్తే చాదస్తమనుకుంటాం. గాలి సోకిందని తాయెత్తు కట్టించే వారూ ఉన్నారు. అది మెదడు జబ్బు లక్షణం కావచ్చు. ఆ జబ్బును గుర్తించడానికి తొలి ఆధారం చూపినవారు డాక్టర్ ఫ్రీడ్రిక్ లూయీ.

ఆయన 1885 జనవరి 28న బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. బెర్లిన్, జ్యూరిచ్ నగరాలలో వైద్యం చదివి 1910లో పట్టా పొందారు. మ్యూనిక్‌లో డాక్టర్ ఆల్జీమర్ గారి ప్రయోగశాలలో చేరారు. పార్కిన్సన్స్ అనే వణుకుడు వ్యాధితో మరణించినవారి మెదళ్ళను సూక్ష్మదర్శినితో పరిశీలించగా, నాడీకణాలలో ఉండకూడని గుండ్రని ముద్దలు కనిపించాయి. 1912లో ఆ సంగతి ప్రకటించారు. వాటికి తన పేరు తాను పెట్టుకోలేదు. 1919లో పారిస్‌లో ట్రెటియాకాఫ్ అనే పరిశోధకుడు వాటిని లూయీ కణికలన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో లూయీ సైనిక వైద్యునిగా పనిచేశారు. 1932లో ఆయన ఆధ్వర్యంలో బెర్లిన్‌లో నాడీవ్యాధుల సంస్థ ప్రారంభమైంది. మరుసటి ఏడాదే హిట్లర్ అధికారానికి వచ్చాడు. యూదుడన్న ఒక్క కారణంతో ఆయన ఉద్యోగం పోయింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో దేశం విడిచి ఇంగ్లండు వెళ్ళి, అక్కడి నుండి 1934లో అమెరికా చేరారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మళ్ళీ మొదటినుండి ప్రారంభించారు. 1950 అక్టోబరు 5న కన్నుమూశారు.

ఆ కణికలకూ వృద్ధాప్యంలో మతి తప్పడానికీ గల సంబంధం ఆయన జీవితకాలంలో తేలలేదు. 1976 నుండి జపాన్ వైద్యుడు కెంజి కోసాకా చేసిన పరిశోధనలు దానిని స్పష్టం చేశాయి. 1995లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో నిపుణులు సమావేశమై ఈ జబ్బును గుర్తించే పద్ధతిని రూపొందించారు. 2017లో దానిని సవరించారు.

ముఖ్య లక్షణాలు నాలుగు. ఒక పూట చురుకుగా, మరో పూట అయోమయంగా ఉండడం. లేని మనుషులు, జంతువులు స్పష్టంగా కనిపించడం. నిద్రలో కలకు తగ్గట్టు కేకలు వేయడం, కాళ్ళూచేతులూ విసరడం. నడక మందగించి, ఒళ్ళు బిగుసుకోవడం లేదా వణకడం. రోజువారీ పనులు చేసుకోలేనంతగా తెలివి తగ్గుతూ, వీటిలో రెండు కనిపిస్తే ఈ జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉండవచ్చు గనుక చాలామంది మోసపోతారు.

జబ్బు పేరు తెలియడం ఎందుకు ముఖ్యమంటే, భ్రమలు తగ్గాలని ఇచ్చే హాలోపెరిడాల్ వంటి మందులు ఈ రోగులలో కొందరికి వికటించి మనిషిని మంచాన పడేస్తాయి; ప్రాణాపాయం కూడా. జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, రివాస్టిగ్మిన్, డోనెపెజిల్ వంటివి కొంత మేలు చేస్తాయి. ఏ మందైనా వైద్యుని సలహాపైనే మొదలుపెట్టాలి, మానాలి.

కుటుంబ సభ్యులు చేయవలసింది చిన్న పని. ఏ రోజు, ఏ వేళ ఎలా ఉన్నారో ఒక నోటుబుక్కులో రాయండి. నిద్రలో కేకలు, పడిపోవడాలు కూడా రాయండి. దానితోపాటు వాడుతున్న మందుల చీటీలన్నీ న్యూరాలజిస్టుకు చూపించి, ఇది లూయీ జబ్బు కావచ్చునా అని అడగండి. పెద్దవారికి కనిపించేదాన్ని లేదని వాదించి వారిని నొప్పించకండి. పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి.

లూయీ గారు చూసిన ఆ చిన్న ముద్దల అర్థం తెలియడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది. మన ఇంటి పెద్దలకు అంత వ్యవధి లేదు.