న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు

మన కోరుకొండకు రెండామడలైనను లేని రాజమహేంద్రవరమున 1902 జూలై 15న శ్రీ కోకా సుబ్బారావుగారు జన్మించిరి. తండ్రియు న్యాయవాదియే. రాజమహేంద్రవర ఆర్ట్సు కళాశాలయందును, పిదప మద్రాసు లా కళాశాలయందును చదివిరి. బాపట్లలో కొన్ని నెలలు జిల్లా మునసబుగా నుండి, ఆ కొలువు విడిచి మద్రాసున వకీలువృత్తి సాగించి, 1948లో అచటి హైకోర్టు న్యాయమూర్తి యైరి.

1953లో ఆంధ్రరాష్ట్ర మవతరింపగా రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును దక్కెను. ఆ హైకోర్టును నెలకొల్పు భారము ఆయనపై బడెను. 1954లో దాని తొలి ప్రధాన న్యాయమూర్తియు ఆయనయే. అంతటినుండి మన ప్రాంతపు కక్షిదారునకు అప్పీలుకై మద్రాసు రైలెక్కు ప్రయాస తీరెను. ఆ ఖర్చుల కోర్వలేక గెలువదగిన దావాలను వదలుకొన్నవారెందరో!

1958లో సుప్రీంకోర్టున ప్రవేశించిరి. అచట ఆయన కీర్తికి మూలము, నా యెరుకలో, ఒక ఓడిన తీర్పు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగను నతడు బందిపోటు కేసులో సాక్ష్యము చాలక విడుదలయ్యెను. అయినను పోలీసులు నిఘా మానక, నడిరేయి తలుపు తట్టి నిదుర లేపుచుండిరి. 1962లో ఆరుగురు న్యాయమూర్తులును ఆ రాత్రి రాకలు కూడవనిరి. కాని ఏకాంతము రాజ్యాంగ మొసగిన హక్కు కాదని నలుగురు తలచి, తక్కిన నిఘాను నిలిపిరి. సుబ్బారావుగారును, షాగారును సమ్మతింపలేదు. వెన్నంటి చూచు కన్ను లున్నచోట మనుజుడు స్వేచ్ఛగా నడచుచున్నాడనుట కల్ల యని సుబ్బారావుగారి భావము.

1966లో భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. మరుసటి ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ వ్యాజ్యమున, పార్లమెంటు రాజ్యాంగమును సవరించియైనను ప్రాథమిక హక్కులను తగ్గింపజాలదని ఆరుగు రొకవైపు, అయిదుగు రొకవైపుగా తీర్పు వెలువడెను. ఆ తగవు పంజాబు భూపరిమితిపై వచ్చినది. భూస్వామి మొర విన్న ఆ తీర్పున సెంటు భూమిలేని పాలేరు మొర వినబడదను వారిని నేను కాదనజాలను. అయితే అది ఇకముందునకే వర్తించునని విధించి, జరిగిన భూసంస్కరణల జోలికి పోకుండిరి. ఇది ఆయన మెలకువ. 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున ఆ తీర్పు కొట్టివేయబడినను, రాజ్యాంగ మౌలిక స్వరూపమును చెరుపరాదను కట్టడి మాత్రము నిలిచెను.

పదవీకాల మింక మూడు నెలలుండగా, 1967 ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ప్రతిపక్షముల పక్షమున రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేనుగారి చేతిలో ఓడిరి. న్యాయపీఠము దిగి నేరుగ ఎన్నికల బరిలో నిలుచుట నాకు రుచింపదు.

అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులు కోర్టు తలుపు తట్టు వీలు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తేల్చెను. తరువాత ఎనిమిదవ దినమున, మే 6న, సుబ్బారావుగారు దివంగతులైరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ఏప్రిల్ తీర్పును త్రోసిపుచ్చి, ఏకాంతము ప్రాథమిక హక్కే యని, ఖరక్ సింగు వ్యాజ్యమున సుబ్బారావుగారి మాటయే సరియని నిర్ణయించెను.