మేడమ్ వాకర్: బట్టల తొట్టి దగ్గర మొదలైన ప్రశ్న

లోను మంజూరైన రోజు సాయంత్రం ఇంటికొచ్చి సంతోషంగా చెప్పుకుంటాం. రాత్రి పడుకున్నాక మాత్రం గుండెల్లో గుబులు మొదలవుతుంది. సరుకు అమ్ముడుపోకపోతే ఎట్లా? వాయిదా కట్టలేకపోతే సంఘంలో మొహం ఎలా చూపించాలి? చదువు లేనిదాన్ని, నాకెందుకొచ్చిన వ్యాపారం? ఈ మాటలు మీటింగులో పైకి అనం గానీ, మనలో చాలామందికి బాగా తెలిసినవే.

నూరేళ్ళ కిందట అమెరికాలో ఒక నల్లజాతి స్త్రీకి కూడా ఇవే మాటలు లోపల వినపడేవి. ఆవిడ పేరు సారా బ్రీడ్‌లవ్. లోకానికి తెలిసిన పేరు మేడమ్ సి.జె. వాకర్. ఆమె గురించి రాసేవాళ్ళందరూ గొప్ప ధైర్యవంతురాలని రాస్తారు. నాకు ఆమె కథలో పట్టుకున్నది ధైర్యం కాదు. భయం వచ్చినప్పుడల్లా ఆ భయంతో ఆమె ఏం చేసిందనేది.

సారా 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలో డెల్టా అనే ఊళ్ళో పుట్టింది. అమ్మానాన్నలు అక్కడి పత్తి తోటలో బానిసలుగా బతికినవాళ్ళు. బానిసత్వం రద్దయి అప్పటికి రెండేళ్ళే అయింది. ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ ఈమే. స్వేచ్ఛ వచ్చిందన్న మాటే గానీ అదే పత్తి చేను, అదే ఎండ. ఏడేళ్ళు వచ్చేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అక్క పంచన చేరి, మిసిసిపీ నది అవతల ఉన్న విక్స్‌బర్గ్‌లో ఇళ్ళల్లో పనికి కుదిరింది. బావ కఠినుడు. ఆ ఇంటి నుంచి బయటపడటానికి పద్నాలుగేళ్ళకే పెళ్ళి చేసుకుంది. 1885లో లెలియా అనే కూతురు పుట్టింది. ఇరవయ్యేళ్ళకి భర్త చనిపోయాడు. బడికి వెళ్ళింది మొత్తం మీద మూడు నెలలేనట.

చంటిపిల్లను తీసుకుని అన్నలుండే సెయింట్ లూయిస్ నగరానికి చేరింది. అన్నలు అక్కడ క్షౌరం పని చేసేవాళ్ళు. సారాకి దొరికింది బట్టలు ఉతికే పని. దాదాపు పద్ధెనిమిదేళ్ళు ఆ పనే చేసింది. నీళ్ళు మోసుకురావాలి, కాచాలి, ఘాటు క్షారపు సబ్బుతో గరుకు పలక మీద రుద్దాలి, గంజి పెట్టాలి, పొయ్యి మీద కాల్చిన ఇస్త్రీ పెట్టెతో మడతలు తీయాలి. ఇంత చేస్తే రోజుకి ఒకటిన్నర డాలరు రావడం కష్టంగా ఉండేది. అందులోంచే దాచి, కూతుర్ని నాక్స్‌విల్‌లోని కాలేజీ దాకా పంపించింది. మధ్యలో చేసుకున్న రెండో పెళ్ళి నిలబడలేదు.

ఈ రోజుల్లోనే ఒకనాడు, తొట్టి మీద వంగి ఉతుకుతూ, నురగలో మునిగిన తన చేతుల వంక చూసుకుందట. ముసలితనం వచ్చి, నడుం వంగకపోతే నా చిన్నపిల్లను చూసేదెవరు అన్న ఆలోచన వచ్చింది. తర్వాత రోజుల్లో బాగా డబ్బున్న మనిషయ్యాక ఒక పత్రిక వాళ్ళకి ఆమే ఈ సంగతి చెప్పింది. ఎంత ఆలోచించినా, బట్టలుతికే పేదదాన్ని నా బతుకు ఎట్లా బాగుపడుతుందో ఆ రోజు దారే కనపడలేదని కూడా దాచకుండా చెప్పింది. నేను ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగాను. పైకొచ్చినవాళ్ళు సాధారణంగా, నాకు మొదటి నుంచీ నమ్మకం ఉందండీ అంటారు. ఈవిడ అట్లా అనలేదు. ప్రశ్న వచ్చింది, జవాబు రాలేదు. మర్నాడు మళ్ళీ బట్టలు ఉతికింది. కానీ ఆ ప్రశ్నని మాత్రం వదల్లేదు.

దానికి తోడు ఇంకో బాధ. జుట్టు రాలిపోయి తల మీద మచ్చలు మచ్చలుగా చర్మం కనపడేది. ఆ రోజుల్లో పేదల ఇళ్ళల్లో కొళాయిలు లేవు. తలస్నానం ఎప్పుడో గానీ కుదరదు. మాడుకి చుండ్రు, పుళ్ళు. తిండి అంతంతమాత్రం. ఈ కష్టం ఆమె ఒక్కదానిదే కాదు, చుట్టూ ఉన్న చాలామంది ఆడవాళ్ళది. కానీ సిగ్గు మాత్రం ఎవరిది వాళ్ళకే. చర్చిలో చదువుకున్న, చక్కగా తయారైన నల్లజాతి స్త్రీలని చూసినప్పుడు తనని తాను తక్కువ చేసుకునేది. ఆ చర్చి స్త్రీలే ఆమెను దగ్గరకు తీశారు, పదిమందిలో కూర్చోవడం నేర్పారు.

ఆనీ టర్న్‌బో అనే మరో నల్లజాతి స్త్రీ అప్పటికే జుట్టు మందుల వ్యాపారం చేస్తోంది. సారా కొంతకాలం ఆమె సరుకు ఇంటింటికీ తిరిగి అమ్మింది. ఆ తర్వాత సొంతంగా ఒక లేపనం తయారుచేసింది. ఆ మందు విధానం తనకు కలలో తెలిసిందని చెప్పేది. ఆనీ మాత్రం ఇది నా సరుకుకి నకలు అని మండిపడింది. గంధకం కలిపిన లేపనాలు వీళ్ళిద్దరికంటే ముందు నుంచే వాడకంలో ఉన్నాయి కాబట్టి, కల సంగతి నేను అంతగా పట్టించుకోను. సారాలో కొత్తదనం మందులో కంటే దాన్ని అమ్మిన తీరులో ఉంది.

1905లో డెన్వర్ నగరానికి వెళ్ళింది. చేతిలో రెండు డాలర్లు కూడా లేవు. వెంటనే పని మానేసి వ్యాపారంలోకి దూకలేదు. మందుల షాపు యజమాని ఒకాయన ఇంట్లో వంటకి కుదిరింది. జీతంతో అద్దె, తిండి గడిచేవి. మిగిలిన రోజుల్లో సరుకు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళేది. ముందు మందు పేరు ఎత్తేది కాదు. ఆ ఇంటావిడ తల శుభ్రంగా రుద్ది కడిగి, లేపనం రాసి చూపించేది. ఆ తర్వాతే డబ్బా బయటికి తీసేది. వంటపని వదిలేసింది అమ్మకాల మీద బతకగలనని లెక్క కుదిరాకే.

పత్రికల్లో ప్రకటన వేయాల్సి వచ్చినప్పుడు ఏం చేసిందో చూడండి. పొట్టిగా, పల్చగా ఉన్న తన పాత జుట్టు ఫొటోనే వేసింది. దాని పక్కన మందు వాడాక ఒత్తుగా పెరిగిన జుట్టు ఫొటో. ఏ తలని చూసుకుని సిగ్గుపడిందో ఆ తలనే ఊళ్ళన్నీ చూసేలా అచ్చువేయించింది. మా ఇంటి వంటని ఎవరు కొంటారులే అని పచ్చళ్ళ సీసాకి పేరు కూడా రాయించని అక్కలకి ఈ ఫొటో చూపించాలనిపిస్తుంది.

1906లో ప్రకటనల పని తెలిసిన చార్లెస్ జోసెఫ్ వాకర్‌ని పెళ్ళాడింది. మేడమ్ సి.జె. వాకర్ అన్న పేరు అట్లా వచ్చింది. మేడమ్ అనేది ఊరికే పెట్టుకున్నది కాదు. ఆ కాలంలో తెల్లవాళ్ళు నల్లజాతి ఆడవాళ్ళని ఎంత వయసున్నా పేరు పెట్టి, ఏకవచనంలో పిలిచేవాళ్ళు. డబ్బా మీదే మేడమ్ అని అచ్చయి ఉంటే కొనేవాళ్ళు ఆ మాట అనక తప్పదు కదా.

రోజుకి పది డాలర్ల రాబడి వచ్చేసరికి భర్తకి అది చాలనిపించింది. ఊళ్ళు తిరిగితే దారి ఖర్చులు కూడా రావని ఆయన, మరికొందరు హెచ్చరించారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా ఆమె ఇంటి దగ్గర పోస్టు ఆర్డర్లు కూతురికి అప్పజెప్పి, ఏడాదిన్నర పాటు దక్షిణ రాష్ట్రాలు తిరిగింది. చర్చిల్లో, సంఘాల్లో తలకడిగి చూపించి, ప్రతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి పని నేర్పి ఏజెంట్లుగా పెట్టుకుంటూ వెళ్ళింది. 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో శిక్షణ పాఠశాల పెట్టింది. 1910లో రైలుమార్గాలు కలిసే ఇండియానాపోలిస్‌కి మారి ఫ్యాక్టరీ కట్టింది. మర్సటేడు కంపెనీ రిజిస్టరు చేయించింది. 1912లో ఆ పెళ్ళి విడాకులతో ముగిసింది.

చదువు లేదన్న దిగులు ఇంత పెరిగాక కూడా ఆమెను వదల్లేదు. పెద్దవాళ్ళకి ఉత్తరం రాయాలన్నా, వేదికెక్కి మాట్లాడాలన్నా జంకు. దానికి ఆమె చేసింది చాలా మామూలు పని. ఒకప్పుడు టీచరుగా పనిచేసిన ఆలిస్ కెల్లీని ఫ్యాక్టరీలో పెట్టుకుంది. నలభై దాటిన వయసులో, వేలమందికి పని చూపిస్తూ కూడా, తన దగ్గర జీతానికి పనిచేసే మనిషి ముందు కూర్చుని అక్షరాలు, మాటతీరు దిద్దుకుంది. ప్రయాణాల్లో కూడా వెంట తీసుకెళ్ళేది. లెక్కలు, కాగితాలు చూడటానికి ఫ్రీమన్ రాన్సమ్ అనే లాయర్‌ని పెట్టుకుంది. ఆయన ఖర్చుల విషయంలో ఆమెకే అడ్డు చెప్పే రకం. అడ్డు చెప్పే మనిషిని జీతం ఇచ్చి పెట్టుకుందంటే తన గురించి తనకి ఎంత తెలుసో చూడండి.

ఇక షికాగో సంగతి. నల్లజాతి వ్యాపారుల లీగు మహాసభ 1912లో అక్కడ జరిగింది. దానికి అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్, ఆ కాలానికి చాలా పెద్ద నాయకుడు. అంతకుముందు ఆమె ఆయనకి ఉత్తరాలు రాస్తే మర్యాదగానే దూరం పెట్టాడు. జుట్టు మందుల వ్యాపారం ఆయన దృష్టిలో అంత గౌరవమైంది కాదు. ఇండియానాపోలిస్ పత్రిక అధిపతి జార్జి నాక్స్ సభలో లేచి, ఈమెను మాట్లాడనివ్వమని అడిగాడు. వాషింగ్టన్ విననట్టే తర్వాతి వక్తను పిలిచాడు.

ఆ రాత్రి ఆమెకి ఎట్లా గడిచిందో ఎవరూ రాయలేదు. నిండు సభలో పేరు ఎత్తి మరీ పక్కన పెట్టడం చిన్న దెబ్బ కాదు. మనమైతే మర్నాడు ఆ సభకి వెళ్ళేవాళ్ళమా?

ఆమె వెళ్ళింది. ఎవరూ పిలవకుండానే తన చోటులో లేచి నిలబడి అధ్యక్షుణ్ణే ఉద్దేశించి మాట్లాడింది. తన ముఖం మీద తలుపు వేయడం తగదంది. పత్తి చేలల్లోంచి వచ్చానని, అక్కడి నుంచి బట్టల తొట్టికి, తొట్టి నుంచి వంటింటికి వచ్చానని, అక్కడి నుంచి వ్యాపారంలోకి తనను తానే పైకి పంపుకున్నానని చెప్పింది. సొంత నేల మీద సొంత ఫ్యాక్టరీ కట్టానని చెప్పింది. గమనించారా, ఏవి దాచుకోవాలని మనసు చెబుతుందో వాటినే వరసగా బయటపెట్టింది. వాషింగ్టన్ ఆ రోజు కూడా ఏమీ అనకుండా సభను ముందుకు నడిపాడు. చప్పట్లతో కథ అక్కడే మారిపోయిందని రాస్తే బాగుండేది గానీ, అట్లా జరగలేదు. మారడానికి ఏడాది పట్టింది. 1913 ఫిలడెల్ఫియా సభకు ఆయనే ఆమెను వక్తగా పిలిచాడు.

అదే ఫిలడెల్ఫియాలో 1917లో ఆమె తన ఏజెంట్ల మొదటి మహాసభ పెట్టింది. 200 మందికి పైగా స్త్రీలు వచ్చారు. వాళ్ళలో చాలామంది ఒకప్పటి వంటమనుషులు, బట్టలుతికినవాళ్ళు, పొలం కూలీలు. ఊరూరా వాళ్ళకి క్లబ్బులు ఉండేవి. మన గ్రామ సంఘాల్లాంటివే అనుకోండి. ఎక్కువ అమ్మినవాళ్ళకి బహుమతులు ఇచ్చింది. ఎక్కువ దానధర్మం చేసినవాళ్ళకీ ఇచ్చింది. ఆ జులైలో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతి వాళ్ళ మీద ఘోరమైన దాడులు జరిగాయి. ఈ మహాసభ స్త్రీలు దాన్ని ఖండిస్తూ తీర్మానం చేసి అధ్యక్షుడు విల్సన్‌కి టెలిగ్రాం పంపారు. తల నూనె అమ్ముకునేవాళ్ళకి రాజకీయాలెందుకు అని వాళ్ళు అనుకోలేదు.

ఆమె సరిగా వినని హెచ్చరిక ఒకటి ఉంది. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ముదురుతున్నాయని, విశ్రాంతి కావాలని డాక్టర్లు చాలాసార్లు చెప్పారు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవడం, మళ్ళీ రైలెక్కడం. ఆగితే అంతా చేజారిపోతుందన్న భయం ఆమెను ఆగనివ్వలేదేమో అని నాకనిపిస్తుంది. మనలో కూడా జ్వరంతోనే షాపు తెరిచేవాళ్ళు ఉన్నారు. ఈ విషయంలో ఆమెను చూసి నేర్చుకోమని నేను చెప్పను.

1918లో న్యూయార్క్ దగ్గర ఇర్వింగ్టన్‌లో, మహా ధనవంతుల ఇళ్ళ నడుమ, 34 గదుల ఇల్లు కట్టించింది. రాన్సమ్ ఖర్చు గురించి హెచ్చరిస్తూనే ఉన్నాడు. అంత ఇంట్లో ఆమె ఉన్నది ఏడాదే. మిలియన్ డాలర్ల మనిషివట కదా అని పత్రికలవాళ్ళు అడిగితే, ఇంకా కాలేదనీ, అవుతాననే ఆశ ఉందనీ చెప్పిందట. చివరి రోజుల్లో, నల్లజాతి వాళ్ళను గుంపులు పట్టి చంపడాన్ని ఆపే పోరాటానికి 5,000 డాలర్లు ఇస్తానని మాటిచ్చింది. 1919 మే 25న, 51 ఏళ్ళ వయసులో ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

వీలునామాలో అనాథాశ్రమాలకి, బడులకి, తనకి పనిచేసినవాళ్ళకి వాటాలు రాసింది. కంపెనీకి ఎప్పుడూ స్త్రీయే అధ్యక్షురాలిగా ఉండాలని కోరింది. బట్టలుతికిన కూలితో చదివించుకున్న లెలియా తల్లి తర్వాత ఆ కుర్చీలో కూర్చుంది.