బంగారు గడప నుండి పురానా ఖిల్లా వరకు: శ్రీమతి సరోజినీ నాయుడు

ఉస్మాన్‌గంజ్ బజారు నుండి మొజంజాహీ మార్కెట్టు మీదుగా నాంపల్లి రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఒక పాత భవనం ఉన్నది. దాని పేరు గోల్డెన్ త్రెషోల్డ్, అనగా బంగారు గడప. హైదరాబాదు విశ్వవిద్యాలయం తన తొలినాళ్ళలో ఈ భవనం నుండే పనిచేసింది. నిత్యం ఆ దారిన వేలాది మంది వెళ్తుంటారు. ఆ ఇంటి ఇల్లాలు 1947లో ఆసియా ఖండపు ప్రతినిధులు కొలువుతీరిన ఒక మహాసభకు అధ్యక్షత వహించారన్న సంగతి వారిలో కొద్దిమందికే స్ఫురిస్తుంది. ఆమెయే శ్రీమతి సరోజినీ నాయుడు.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ బెంగాలు నుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన విద్వాంసుడు, నిజాం కళాశాల స్థాపనకు కారకులలో ప్రముఖుడు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి దేశాభిమానులు ఆయనకు సన్నిహిత మిత్రులు. చాందా రైలుమార్గపు వ్యవహారంలో ప్రభుత్వాన్ని ప్రశ్నించినందుకు 1883లో ఆయన కొంతకాలం రాజ్యబహిష్కరణకు గురి అయ్యారు. మతభేదం పాటించని స్నేహమూ, అధికారానికి వెరవని గుణమూ ఆ బాలికకు ఇంటిలోనే అబ్బినవి.

పన్నెండవ ఏట మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలై ఆమె అందరినీ ఆశ్చర్యపరిచారు. నిజాం ప్రభువు ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1895లో ఇంగ్లాండు వెళ్ళి లండనులోను, కేంబ్రిడ్జిలోను చదివారు. 1898లో తిరిగివచ్చి, తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని మద్రాసులో బ్రహ్మసమాజ పద్ధతిని వివాహమాడారు. ఆ వర్ణాంతర వివాహాన్ని జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. తల్లిదండ్రుల భాష బెంగాలీ, పుట్టిన నగరపు భాష ఉర్దూ, భర్త భాష తెలుగు, కవితకు ఎన్నుకొన్న భాష ఆంగ్లము. ఇన్ని భాషల నడుమ పెరిగిన మనస్సుకు పరాయితనం తెలియకపోవడంలో వింత లేదు. 1905లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే తరువాత నాంపల్లి ఇంటికి పేరయింది.

1908లో మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆమె సహాయకార్యాలలో పాల్గొన్నారు. ఆ సేవకు ఆంగ్ల ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకాన్ని ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ దారుణం తరువాత ఆమె ఆ పతకాన్ని తిరిగి ఇచ్చివేశారు.

ఆమె రాజకీయ జీవితానికి మూలసూత్రం హిందూ ముస్లిం సమైక్యత. 1913లో లక్నోలో జరిగిన ముస్లిం లీగు మహాసభకు హాజరై ఆమె ప్రసంగించారు. 1914లో లండనులో గాంధీజీని కలుసుకొన్నారు. 1918లో మహమ్మదలీ జిన్నా ప్రసంగాలు గ్రంథరూపంలో వెలువడినప్పుడు, ఆయనను ఐక్యతా రాయబారిగా పరిచయం చేస్తూ జీవితరేఖను రచించినది ఆమెయే. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించి, ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయ మహిళ అయినారు. 1930లో ధరాసనా ఉప్పు సత్యాగ్రహానికి నాయకుడైన అబ్బాస్ తయాబ్జీని ప్రభుత్వం నిర్బంధించగా, ఆ నాయకత్వ భారాన్ని ఆమె స్వీకరించి తానూ కారాగారం చేరారు. 1942లో గాంధీజీతోపాటు ఆగాఖాన్ భవనంలో నిర్బంధాన్ని అనుభవించారు.

అటుపిమ్మట 1947 మార్చి 23వ తేదీ వచ్చింది. ఢిల్లీలోని పురానా ఖిల్లాలో ఆసియా దేశాల సంబంధాల మహాసభ ప్రారంభమయింది. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాలేదు. మౌంట్‌బాటన్ వైస్రాయిగా ప్రమాణం చేసినది ఆ మరునాడే. అయినను ఇండోనేషియా, వియత్నాం, బర్మా, సింహళం, చైనా, టిబెట్టు, ఇరాను, మధ్య ఆసియా ప్రాంతాల నుండి ప్రతినిధులు ఆ ప్రాచీన దుర్గానికి తరలివచ్చారు. జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోపన్యాసం చేయగా, సరోజినీదేవి అధ్యక్షపీఠం అలంకరించారు. వేలాది ప్రజలు కోటలో కిక్కిరిసి కూర్చున్నారు. వేదిక వెనుక ఆసియా ఖండపు పెద్ద పటం నిలిపారు. ఒకరి ముఖం ఒకరు ఎరుగని జాతులు, తమ సముద్రాలను, పర్వతాలను దాటి తొలిసారిగా ఒక్క కప్పు క్రింద కూర్చున్న సన్నివేశమది. అరువది ఎనిమిదేండ్ల వయస్సులో, సడలిన ఆరోగ్యంతో, ఆమె ఆ క్రొత్త మిత్రులను తన ఇంటికి వచ్చిన అతిథులను వలె ఆదరించారు. ఏప్రిల్ 2వ తేదీన జరిగిన ముగింపు సభలో గాంధీజీ ప్రసంగించారు. ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్ కూడ ఆ సభకు వచ్చి చేరారు.

కాని ఆ మహోత్సవంలో ఒక లోటు ఉన్నది. ముస్లిం లీగు ఆ సభను బహిష్కరించింది. దూరదేశాలవారు వచ్చిరి గాని, సొంత ఇంటివారు కొందరు రాలేదు. ఏ స్నేహితుని ఐక్యతా రాయబారిగా ఆమె దేశానికి పరిచయం చేశారో, ఆయనయే ఇప్పుడు వేరు దారి పట్టిన పక్షానికి నాయకుడు. అప్పటికే పంజాబులో మతకలహాలు చెలరేగి ఉన్నవి. ఆరు మాసాలు తిరగకముందే, ఆసియా సౌభ్రాత్రానికి వేదిక అయిన ఆ పురానా ఖిల్లాయే, ఢిల్లీ అల్లర్లలో ఇండ్లు విడిచి పారిపోయి వచ్చిన వేలాది ముస్లిం కుటుంబాలకు శరణార్థి శిబిరమయింది.

ఈ పరిణామాన్ని చూచి ఆమె సాధన విఫలమయిందని కొందరు భావించవచ్చును. ఆలోచించి చూచినచో, ఆ రెండు దృశ్యాలలో రెండవది మొదటిదాని అవసరాన్నే రుజువు చేయుచున్నది. దూరాన ఉన్నవారితో చెలిమి చేయడం కష్టమే; ఇరుగుపొరుగువారితో చెలిమిని నిలుపుకొనుట అంతకంటె కష్టము. సరోజినీదేవి ఈ రెండింటిలో ఏ ఒక్కదానినీ విడిచిపెట్టలేదు. 1947 ఆగస్టు 15వ తేదీన ఆమె సంయుక్త రాష్ట్రాలకు గవర్నరుగా ప్రమాణం చేసి, స్వతంత్ర భారతంలో ఆ పదవి పొందిన తొలి మహిళ అయినారు. హిందువులు, ముస్లిములు తరతరాలుగా కలిసి జీవించిన లక్నో నగరమే ఆమెకు నివాసమయింది. 1913లో ఆమె ఐక్యతను కోరుతూ అడుగుపెట్టినదీ ఆ నగరమే. 1948 సెప్టెంబరులో తన జన్మస్థానమైన హైదరాబాదు భారతదేశంలో విలీనమగుటను ఆమె చూడగలిగారు. 1949 మార్చి 2వ తేదీన లక్నోలోనే కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే వినిపిస్తవి. ఒకే బల్లపై కూర్చున్నంత మాత్రాన మిత్రులము కాజాలము. ఒకరి భాషను మరొకరు కొంతయైనా నేర్చుకొని, ఒకరి ఇంటికి మరొకరు పోయి రావలెను. మహాసభల జనసమ్మర్దం ఒక్క దినపు ముచ్చట. ఆ దినం గడచిన తరువాత కూడ తలుపు తెరచి ఉంచుటయే నిజమైన పని. ఈసారి నాంపల్లి స్టేషను దారిన పోవునప్పుడు ఆ పాత భవనం ఎదుట ఒక నిమిషం ఆగి, ఆ బంగారు గడపను మీ సహాధ్యాయికి కూడ చూపించండి.